జౌల్ – ఆగిన కదలిక లెక్క తేల్చినవాడు

బి.ఎస్సీ. చదివే మనకి జౌల్ అనేది ఒక మనిషి పేరు అని సాధారణంగా గుర్తుండదు. లెక్క చివర జవాబు పక్కన రాసే మాటగానే ఆయన మనకు పరిచయం. రాయకపోతే అర మార్కు పోతుంది కనుక రాస్తాం. ఆ మనిషి మాత్రం తన బతుకులో ముప్పై అయిదేళ్ళు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. కదిలే వస్తువు ఆగిపోతే దాని కదలిక ఏమవుతుంది?

వినడానికి చిన్నపిల్లల ప్రశ్నలాగే ఉంటుంది. బండి మీంచి వడ్ల బస్తా జారి కిందపడింది. ధనామని చప్పుడైంది, కాస్త దుమ్ము లేచింది, బస్తా కదలకుండా పడి ఉంది. ఇంకేముంది, అయిపోయింది అంటాం. నూట ఎనభై ఏళ్ళ కిందట మహా మహా పండితులు కూడా అదే అన్నారు. అయిపోలేదు అని చెప్పడానికీ, ఎంత మిగిలిందో అంకెతో సహా చూపించడానికీ ఒక బీరు కార్ఖానా యజమాని కొడుకు రావలసి వచ్చింది.

జౌల్ పుట్టకముందే ఈ విషయంలో సగం తేలింది. గోళీలాటలో ఒక గోళీ వచ్చి, తనంతే ఉన్న ఇంకో గోళీకి నిండుగా తగిలితే, వచ్చింది దాదాపు ఆగిపోతుంది, తగిలించుకున్నది పరుగెత్తుతుంది. కదలిక చేతులు మారిందని అక్కడ కళ్ళకే కనిపిస్తుంది. మరి ఆ కదలికని కొలిచేది ఎట్లాగ? డెకార్ట్ పక్షంవాళ్ళు బరువుని వేగంతో హెచ్చవేయమన్నారు. లైబ్నిట్జ్ వేగంతో రెండుసార్లు హెచ్చవేయాలన్నాడు. హాలండులో గ్రావెసాండె అనే ప్రొఫెసరు 1720ల నాటికి ఇత్తడి గుండ్లని మెత్తటి బంకమట్టి మీద పడేసి చూశాడు. వేగం రెట్టింపయితే మట్టిలో పడిన గుంట రెట్టింపు కాలేదు, నాలుగింతలయింది. ఫ్రాన్సులో ఎమిలీ దు షాట్లే అనే విదుషి 1740లో అచ్చయిన తన భౌతికశాస్త్ర గ్రంథంలో లైబ్నిట్జ్ వైపే నిలబడింది. ఆ కొలతకి సజీవ బలం అని పేరు. అందులో సగం తీసుకుంటే మనం చదివే గతిజశక్తి. లారీ వేగం రెట్టింపయితే అదే బ్రేకుతో ఆగటానికి నాలుగింతల దూరం కావాలనే లెక్క కూడా ఇదే.

సరే, బంకమట్టిలో గుంట పడింది. గుంట పడ్డాక? గోళీలాగా మట్టి ఎక్కడికీ పరుగెత్తదు. స్ప్రింగులాగా గుండుని వెనక్కి తన్నదు. గుండు సజీవ బలం ఏమైనట్టు? మెత్తటి వస్తువులు ఢీకొంటే అది నశిస్తుందని రాసుకుని పండితులు పుస్తకం మూసేశారు.

ఇక వేడి సంగతి వేరే గదిలో నడుస్తుండేది. ఒరిపిడికి వేడి పుడుతుందని పల్లెటూళ్ళో ఎవరికి తెలియదు? కందెన లేని ఇరుసు ముట్టుకుంటే చురుక్కుమంటుంది. పొద్దుటినించీ దంచితే రోకలి పొన్ను వేడెక్కుతుంది. కమ్మరి దాగలి మీద చల్లటి ఇనపముక్కని నాలుగు సమ్మెటపోట్లు పొడిచి చూడండి. అయితే పండితుల లెక్కలో వేడి అంటే కెలోరిక్ అనే ఒక ద్రవం. అది వస్తువుల లోపల దాక్కుని ఉంటుంది, నలిపితే బయటికి వస్తుంది, గానుగలో చెరుకు రసంలాగా. మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలు తొలిపించే పని చూసే రంఫర్డ్ ప్రభువుకి ఇక్కడ అనుమానం వచ్చింది. మొండి బరమాతో, గుర్రాల చేత తిప్పిస్తే ఎంతసేపు తిప్పినా వేడి వస్తూనే ఉంది. గానుగలో రసం ఎంతకీ తరగకపోతే అది చెరుకులోది కాదు, ఎద్దుల కష్టంలోది అనుకోవాలి గదా. రంఫర్డ్ 1798లో ఈ సంగతి లండన్‌లో చదివి వినిపించాడు. ఆసక్తిగా విన్నారు, కెలోరిక్‌ని మాత్రం వదల్లేదు. ఎంత కష్టానికి ఎంత వేడి అనే ఖచ్చితమైన అంకె ఇంకా ఎవరి దగ్గరా లేకపోయింది.

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818 డిసెంబరు 24న మాంచెస్టరు పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రికి బీరు తయారుచేసే పెద్ద కార్ఖానా ఉండేది. పిల్లవాడికి వెన్నెముకలో దోషం, ఆరోగ్యం అంతంతమాత్రం. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. 1834లో అతన్నీ, అన్న బెంజమిన్‌నీ జాన్ డాల్టన్ దగ్గర చేర్చారు. పరమాణువుల డాల్టన్ అన్నమాట. రసాయనశాస్త్రం నేర్పుతాడని పిల్లలు ఆశగా పోతే ఆ ముసలాయన ముందు అంకగణితం, యూక్లిడ్ పట్టించాడు. రసాయనానికి వచ్చేసరికి, 1837లో, డాల్టన్‌కి పక్షవాతం వచ్చి చదువు ఆగిపోయింది. అంతే, జౌల్ చదువు అదే. యూనివర్సిటీ మెట్లెక్కలేదు, డిగ్రీ లేదు. ఆ రోజుల్లో డబ్బున్న ఇళ్ళల్లో ఇది వింతేమీ కాదు గాని, తర్వాత ఆయన మాట ఎవరూ పట్టించుకోకపోవడానికి ఇదీ ఒక కారణమయింది.

అయితే ఏ కాలేజీలోనూ లేని చదువు ఒకటి ఆయనకి ఇంట్లో దొరికింది. బీరు కార్ఖానాలో నాణ్యమంతా ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. మొలక కట్టిన బార్లీని ఎంత వేడి నీళ్ళలో నానబెట్టాలి, ఎంతకు చల్లార్చి పులవబెట్టాలి అన్నదాంట్లో డిగ్రీ తేడా వస్తే సరుకంతా పాడవుతుంది. అందుచేత థర్మామీటరు చదవడంలో ఆ కార్ఖానా మనుషులకున్న నేర్పు చాలామంది ప్రొఫెసర్లకి ఉండేది కాదు. జౌల్ గొప్పతనానికి మూలం ఇక్కడుందని చరిత్రకారులు కొందరు రాశారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. చేతికి అలవాటైన పనిలోంచి వచ్చిన శాస్త్రం అది.

ఆయన మొదలుపెట్టింది లాభం కోసమే. ఆవిరియంత్రం తీసేసి కార్ఖానాలో విద్యుత్ మోటారు పెట్టవచ్చునా అని 1838 నించి తన మోటార్లు తనే కట్టుకున్నాడు. లెక్క చూస్తే నిరాశే మిగిలింది. బ్యాటరీలో ఒక పౌండు జింకు ఖర్చుపెడితే వచ్చే పని, మంచి ఆవిరియంత్రంలో ఒక పౌండు బొగ్గు చేసే పనిలో నాలుగోవంతుకు మించలేదు. జింకు ధరేమో బొగ్గుకి ఎన్నో రెట్లు. వ్యాపారం కుదరలేదు గాని, తీగలు ఎందుకు వేడెక్కుతున్నాయన్న ప్రశ్న మిగిలింది. విద్యుత్ప్రవాహం వల్ల పుట్టే వేడి ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1840లో, ఇరవై రెండో ఏట తేల్చాడు. రాయల్ సొసైటీకి పంపితే వాళ్ళు సారాంశం మాత్రం వేసి ఊరుకున్నారు.

తర్వాతి మెట్టు 1843. ఒక తీగచుట్టని అయస్కాంత ధృవాల మధ్య, నీళ్ళలో తిప్పాడు. దాన్ని తిప్పేది కిందికి దిగే బరువులు. బ్యాటరీ లేదు, మంట లేదు, అయినా నీళ్ళు వేడెక్కాయి. ఎక్కడినించో కెలోరిక్ పారి వచ్చిందనడానికి తావే లేదు. ఒక పౌండు నీళ్ళని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడిచెయ్యడానికి 838 ఫుట్ పౌండ్ల పని కావాలని సగటు తేలింది. అంటే 838 పౌండ్ల బరువు ఒక అడుగు దిగితే వచ్చేంత పని. ఆగస్టులో ఐర్లండులోని కార్క్ పట్టణంలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో ఇదంతా చెప్పాడు. సభలో ఎవరూ పలకలేదు. వాళ్ళని పూర్తిగా తప్పు పట్టడానికి లేదు. విడివిడి ప్రయోగాల్లో ఆయన అంకె 587 నించి 1040 దాకా ఊగింది. అలాంటి రికార్డు మన ప్రాక్టికల్ పరీక్షలో చూపిస్తే మళ్ళీ చేసుకు రమ్మంటారు. జౌల్ కూడా మళ్ళీ చేశాడు.

మళ్ళీ చేసిన ప్రయోగమే పాఠ్యపుస్తకాల్లో బొమ్మ వేసేది. మజ్జిగ చిలికే కవ్వాన్ని తలుచుకుంటే చాలు. రాగి పాత్రలో నీళ్ళు, నీళ్ళలో ఇత్తడి రెక్కల కవ్వం, దాని ఇరుసుకి చుట్టిన తాళ్ళు, కప్పీల మీదుగా వేలాడే రెండు సీసపు గుండ్లు. గుండ్లు దిగుతుంటే కవ్వం తిరుగుతుంది. ఒక చిన్న ఉపాయం ఉంది. నీళ్ళు కవ్వంతో పాటు గిర్రున తిరిగిపోకుండా పాత్ర గోడలకి కదలని రెక్కలు బిగించాడు. తిరిగే రెక్క నీళ్ళని తోస్తుంది, కదలని రెక్క నీళ్ళని ఆపుతుంది. ఇలా క్షణక్షణం కదలిక పుట్టించడం, క్షణక్షణం దాన్ని చంపడం. ఒక్కసారి ధనామని ఆగే వడ్ల బస్తాని కొన్ని వేల చిన్న చిన్న ఆగుళ్ళుగా విడగొట్టాడన్నమాట.

1850లో అచ్చయిన పెద్ద వ్యాసంలో దీని వివరాలున్నాయి. ఒక్కొక్క గుండు సుమారు 29 పౌండ్లు, అంటే 13 కిలోలు. దిగే ఎత్తు 63 అంగుళాలు. దిగాక పైకి చుట్టడం, మళ్ళీ వదలడం, అలా 20 సార్లు. ఒక ప్రయోగానికి అరగంట పైన పట్టేది. ఇంతా చేస్తే ఆరు కిలోల చిల్లర నీళ్ళకి పెరిగే వేడి అర ఫారన్‌హీట్ డిగ్రీకి కాస్త ఎక్కువ. ఆ అర డిగ్రీని కాపాడుకోవడంలోనే ఆయన పనితనమంతా ఉంది. పెద్ద నేలమాళిగలో చేశాడు, అక్కడ వేడి ఎక్కువ తక్కువలు ఉండవని. తన ఒంటి వేడి పాత్రకి తగలకుండా మధ్య చెక్క తెర పెట్టుకున్నాడు. గుండ్లు దింపకుండా ఊరికే ఉంచి, గది గాలి వల్ల నీళ్ళు ఎంత వేడెక్కుతాయో అదీ కొలిచి తీసేశాడు. మాంచెస్టరులో డాన్సర్ అనే పరికరాల నిపుణుడు చేసిచ్చిన థర్మామీటరు మీద డిగ్రీలో రెండువందలో వంతు చదివేవాడు. ఒక్క నీళ్ళతోనే ఈ ప్రయోగం 40 సార్లు చేశాడు. తర్వాత పాదరసంతో, ఇనుముతో.

ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటుంది. అడ్డేమీ లేకుండా వదిలితే ఆ గుండు సెకనుకి 18 అడుగుల వేగంతో నేలకి తగలాలి. కవ్వం పట్టి ఉంచడం వల్ల సెకనుకి రెండున్నర అంగుళాల లోపు వేగంతో మెల్లగా ఆనింది. దాదాపు పనంతా నీళ్ళలోకే పోయిందని దీని అర్థం. అయినా ఆ కొసరు వేగం మాత్రం నేలకి తగిలి ఆగింది కదా, ఆ శక్తి నీళ్ళకి చేరలేదు కదా అని, దాన్ని కూడా లెక్కగట్టి తీసేశాడు. పుట్ల కొద్దీ ధాన్యం కొలిచినచోట రాలిన గింజని కూడా ఏరినట్టు. చివరికి తేలిన అంకె 772.

ఇప్పుడు మన వడ్ల బస్తా దగ్గరికి వద్దాం. 75 కిలోల బస్తా మీటరున్నర ఎత్తు నించి పడితే దాని శక్తి సుమారు 1100 జౌళ్ళు. అదంతా వేడిగా మారినా పావుకిలో నీళ్ళని ఒక్క డిగ్రీ వేడిచేస్తుందంతే. అది బస్తాలో, నేలలో పంచుకుపోతే ఎవరి చేతికి తెలుస్తుంది? కొంత చప్పుడుగా పోతుంది, ఆ చప్పుడు కూడా గోడలకి తగిలి అణగి చివరికి వేడే అవుతుంది. అదే టన్ను బరువున్న కారు సెకనుకి 20 మీటర్ల వేగం నించి బ్రేకు వేసి ఆగితే రెండు లక్షల జౌళ్ళు. లీటరు నీళ్ళని 48 డిగ్రీలు పెంచే వేడి. అదంతా నాలుగు చక్రాల బ్రేకుల్లోకి పోతుంది. ఘాటు రోడ్డు దిగిన లారీ చక్రాల దగ్గర మాడువాసన వచ్చేది అందుకే.

1844లో రాయల్ సొసైటీ ఆయన ఇంకో వ్యాసం అచ్చుకి నిరాకరించింది. డిగ్రీలో వందో వంతులు తప్ప ఈయన దగ్గర ఋజువేముందని పెదవి విరిచినవాళ్ళున్నారు. చివరికి 1847 ఏప్రిల్ 28న మాంచెస్టరులోని సెయింట్ ఆన్ చర్చి పఠనాలయంలో మామూలు జనానికే ఉపన్యాసం ఇచ్చాడు. ఒరిపిడి, తాకిడి వల్ల సజీవ బలం పోయినట్టు కనిపించిన ప్రతిచోటా దానికి సరిపడా వేడి పుడుతుందనీ, సృష్టికర్త వస్తువుకిచ్చిన బలాన్ని నాశనం చేయడం మనిషి తరం కాదనీ ఆయన వాదం. రాలే ఉల్కలు మండటానికి కారణం కూడా అదే అన్నాడు. గాలి వాటి వేగాన్ని ఆపుతుంది, ఆగిన వేగం మంటవుతుంది. శక్తి నిత్యత్వ నియమాన్ని ఇంత తేట మాటల్లో చెప్పిన ఆ ఉపన్యాసం ఏ శాస్త్ర పత్రికలోనూ రాలేదు. మాంచెస్టర్ కొరియర్ అనే స్థానిక వార్తాపత్రిక మే నెలలో పూర్తి పాఠం అచ్చువేసింది, అదీ అన్న పరిచయం వల్ల.

రెండు నెలలు తిరగకుండా ఆక్స్‌ఫర్డ్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సభ. అధ్యక్షుడు టైము లేదు, క్లుప్తంగా ముగించమన్నాడు. చర్చ కూడా అక్కర్లేదన్నట్టే నడిచింది. అప్పుడు ఒక కుర్రవాడు లేచి మాట్లాడాడు. ఇరవై మూడేళ్ళైనా సరిగా నిండని ఆ కుర్రవాడు గ్లాస్గో ప్రొఫెసరు విలియం థామ్సన్. తర్వాత లార్డ్ కెల్విన్ అయినది ఈయనే. ఆ ఒక్క ప్రశ్నతో సభ చెవులు రిక్కించింది. థామ్సన్ వెంటనే ఒప్పుకున్నాడనుకుంటే పొరపాటు. కదలిక వేడవుతుంది సరే, ఆ వేడి మళ్ళీ కదలిక ఎందుకు కాదు అనే చిక్కు ఆయన్ని మూడు నాలుగేళ్ళు వేధించింది. బస్తా పడితే నేల వెచ్చబడుతుంది గాని, నేల చల్లబడి బస్తా పైకి లేవదు. బస్తాలోని కణాలన్నీ ఒకే దిక్కుగా నడుస్తుంటే అది వేగం. ఆగినప్పుడు ఆ నడక చెదిరి, కోటానుకోట్ల కణాల్లో ఎవరి దిక్కు వారిదిగా జరిగే అలజడిగా మారుతుంది. సంతలో చెదిరిపోయిన జనాన్ని మళ్ళీ వరసలో నిలబెట్టడం ఎంత కష్టమో అంత కష్టం. శక్తి నశించదు, అక్కరకు రాకుండా పోతుంది అని థామ్సన్ 1852లో రాసినది ఈ సంగతే. ఆ తర్వాత పదేళ్ళు ఇద్దరూ కలిసి వాయువుల మీద చేసిన పని జౌల్–థామ్సన్ ఫలితం పేరుతో మన సిలబస్‌లో ఉంది.

ఆక్స్‌ఫర్డ్ సభ అయిన ఆగస్టులోనే జౌల్‌కి అమీలియా గ్రైమ్స్‌తో పెళ్ళయింది. కొత్త దంపతులు ఆల్ప్స్ కొండలకి వెళ్ళారు. అక్కడ దారిలో అనుకోకుండా థామ్సన్ ఎదురయ్యాడు. పొడుగాటి థర్మామీటరు చేతబట్టుకుని జౌల్ నడుస్తున్నాడనీ, జలపాతం పైనా కిందా నీళ్ళ వేడి తేడా చూడబోతున్నాడనీ థామ్సన్ ముసలితనంలో చెప్పుకునేవాడు. థర్మామీటరు సంగతిని చరిత్రకారులు కొంచెం అనుమానంగానే చూస్తారు. జలపాతం లెక్క మాత్రం జౌల్ అంతకుముందే వేసి ఉంచాడు. 160 అడుగుల నయాగరా కింద నీళ్ళు ఫారన్‌హీట్ డిగ్రీలో అయిదోవంతు వెచ్చగా ఉండాలి. ఆల్ప్స్‌లో సలాంష్ జలపాతం దగ్గర ప్రయత్నించారు గాని నీళ్ళు కింద చేరేలోపే తుంపర అయిపోయి ఏమీ తేలలేదట.

1850లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. గౌరవాలు వచ్చే వేళకి ఇల్లు చీకటయింది. 1854లో ఇద్దరు పసిపిల్లల్ని వదిలి అమీలియా కన్నుమూసింది. ఆ ఏడే కార్ఖానా కూడా అమ్మేశారు. జర్మనీ డాక్టరు మేయర్ వేడికీ పనికీ తుల్యాంకం ఉందని 1842లోనే రాశాడనీ, ఘనత ఆయనదేననీ 1860ల్లో పెద్ద తగాదా లేచింది. ఆలోచన మేయర్‌ది ముందే, సందేహం లేదు. కాని ఉన్న అంకెల మీద లెక్క కట్టడం వేరు, నేలమాళిగలో తెర వెనక నిలబడి అర డిగ్రీ కోసం కాపు కాయడం వేరు. రాయల్ సొసైటీ 1870లో జౌల్‌కీ, 1871లో మేయర్‌కీ కోప్లీ పతకం ఇచ్చి తీర్పు చెప్పినట్టు చేసింది.

చేతిలో డబ్బు తరిగింది. 1878లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల పింఛను ఇచ్చింది. అదే ఏడాది, అరవయ్యో ఏట, బ్రిటిష్ అసోసియేషన్ కోరిక మీద చేసిన చివరి కవ్వం ప్రయోగాల ఫలితం అచ్చయింది. ఈసారి తేలింది 772.55. మరుసటి ఏడు అమెరికాలో రోలండ్ అనే ఆయన జౌల్ థర్మామీటరు కొలమానాన్ని గాలి థర్మామీటరుతో సరిచూసి, కాస్త పెంచాలని చూపించాడు. ఇవాళ్టి లెక్కలో అది 778. నూటికి ఒకటి కూడా తేడా లేదు.

జౌల్ 1889 అక్టోబరు 11న సేల్ అనే ఊళ్ళో తన ఇంట్లో మరణించాడు. పనికి కొలతగా ఆయన పేరు పెట్టాలని 1882లో సీమెన్స్ చేసిన సూచనని పారిస్‌లో విద్యుత్ శాస్త్రజ్ఞుల మహాసభ 1889లో ఆమోదించింది. వేడిని కూడా అదే కొలతలో చెప్పాలని 1948లో తీర్మానించారు. 1893లో మాంచెస్టర్ టౌన్ హాలు ప్రవేశంలో ఆయన విగ్రహం పెట్టారు, గురువు డాల్టన్ విగ్రహానికి ఎదురుగా. బ్రూక్‌లాండ్స్ శ్మశానంలో ఆయన సమాధిరాయి మీద పేరుతో పాటు ఒక అంకె చెక్కి ఉంది: 772.55.